బత్తలపల్లి క్రాసులో కుడివైపు

మా ఇంటికి కారు వచ్చిన ఏడాది ధర్మవరంలో వానల్లేవు. బావుల్లో నీళ్ళు అడుగంటాయి, రోజుకు నాలుగైదు గంటలు కరెంటు కోత. అయినా మా బావ ఈశ్వరప్పకు కారు కావాల్సి వచ్చింది. డెబ్బైతొమ్మిది డిసెంబరులో హిందూపురం నుంచి పాత అంబాసిడరు ఒకటి తెచ్చి, వీధి మొగదల మూలపడి ఉన్న మా మగ్గాల కొట్టంలో పెట్టించాడు. బూడిద రంగు బండి. ముందు సీటుకు ఎర్ర రెగ్జిన్ గుడ్డ.

నేను ఆ ఇంటి చిన్నకోడలిని. మా ఆయన చిన్నప్ప గుంటమగ్గంలో కూర్చుని పట్టుచీరలు నేసేవాడు. నేను రాట్నం ముందు కూర్చుని ఆయనకు పట్టుదారం కండెలు చుట్టి ఇచ్చేదాన్ని. నేసిన చీరలు అమ్మే పని బావది. బావ భార్య రామాంజినమ్మ, అంటే నా తోటికోడలు, ఏం చేసేదయ్యా అంటే కారెక్కేది. అబద్ధమెందుకు, ఇంటిల్లిపాదికీ వంట ఆమే చేసేది. కానీ ఆ నాలుగు నెలలూ ఆమె కారెక్కడం తప్ప నా కళ్ళకు ఇంకేమీ కనపడలేదు.

బావ కారు కొన్నది ఊరికే కాదు. బెంగుళూరు, మద్రాసు షావుకార్లు చీరల బేరానికి వచ్చి బజారులో లాడ్జీలో దిగేవాళ్ళు. సాయంత్రం పూట వరండాలో కుర్చీలేసుకుని కాఫీలు తాగుతూ కూర్చునేవాళ్ళు. మగ్గం మీంచి కొత్త రకం చీర దిగగానే బావ దాన్ని రామాంజినమ్మకు కట్టించేవాడు. ఆమె ముందు సీట్లో కూర్చుని, కొంగు కిటికీలోంచి బయటికి కనపడేట్టు చెయ్యి ఆనించి పెట్టుకునేది. మా ఆయన తోలేవాడు. మా వీధి నుంచి లాడ్జీ మీదుగా చెన్నకేశవస్వామి గుడి దాకా, మళ్ళీ గుడి నుంచి ఇంటికి. అటూ ఇటూ కలిపి మైలు కూడా ఉండదు. బావ ముందే నడిచిపోయి లాడ్జీ వరండాలో షావుకార్ల పక్కన నిలబడేవాడు. కారు రాగానే, "మెల్లగా పోనీ చిన్నప్పా, మెల్లగా! అంచు కనపడల్ల" అని అరిచేవాడు. పక్కన సైకిలు తొక్కేవాళ్ళు కూడా కారును దాటి పోయేవాళ్ళు.

ఇంటికొచ్చాక ఆ చీర విప్పించి, మడత పెట్టి, అమ్మేసేవాడు. కొన్నవాళ్ళకు తెలీదు, నాకు తెలుసు.

ఆ చీర మా ఆయన గుంటలో దిగింది. ఆ చీరకు ప్రతి కండె నా చేత్తో చుట్టింది. ఏ ఒక్క చీరనీ నేను భుజం మీద వేసుకుని చూసింది లేదు. ఆమె నెమలికంఠం రంగు చీరలో ఆ ఎర్ర సీటు మీద కూర్చుని, మా ఆయన పక్కన, మా ఆయన తోలుతుంటే గుడికి పోతుంటే నాకు కడుపు మండిపోయేది. దాచుకోవడానికేముంది? అసూయే. అన్నం సయించేది కాదు. ఆమె ముక్కు వంకర అనీ, చీర కుచ్చిళ్ళు పెట్టుకోవడం చేతకాదనీ లోపల్లోపల లెక్కలు కట్టుకునేదాన్ని. ఆమె ముక్కు వంకర లేదు. కుచ్చిళ్ళు కూడా బాగానే పెట్టుకునేది.

జనవరి సగానికి వచ్చేసరికి కారు మొండికేసింది. మా ఆయన సెల్ఫ్ స్టార్టరు నొక్కితే లోపల ఎవరో గొంతు సవరించుకున్నట్టు ఒక్క చప్పుడు చేసి ఊరుకుంది.

"తొయ్యండి" అన్నాడు బావ.

బావ తోశాడు, పక్కింటి మగ్గం దిగి ఇద్దరు వచ్చి తోశారు, నేను కూడా కొంగు దోపుకుని తోశాను. రామాంజినమ్మ దిగబోతే బావే వద్దన్నాడు.

"నువ్వు కూర్చో. చీరకు మన్ను అంటుకుంటే అమ్ముడుపోదు."

ఆమె కూర్చుంది. నేను తోశాను. కారు దగ్గి, పొగ కక్కి, కదిలింది. ఆ పొగంతా నా మొహానే కొట్టింది. కిటికీలోంచి ఆమె తల బయటికి పెట్టి, "సుబ్బీ, చెయ్యి నొచ్చిందేమే?" అని అడిగింది. ఆ మాట ప్రేమగానే అడిగిందని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం ఆ మాటలో నాకు ఆమె గొప్పే చీర మీద జరీ కంటే ఎక్కువ మెరిసింది.

ఆ తరువాత వారంలో నాలుగు రోజులు తోయడమే అయింది. చివరికి మా ఆయన బ్యాటరీ పుల్లన్నను పిలుచుకొచ్చాడు. పుల్లన్న బస్టాండు దగ్గర చిన్న బంకులో లారీ బ్యాటరీలకు ఛార్జింగు పెట్టేవాడు. యాసిడ్ పడి పడి ఆయన చొక్కాకు అన్నీ చిల్లులే. మూతలు తీసి చూసి, నీళ్ళు పోసి, చేతులు తుడుచుకున్నాడు.

"బ్యాటరీకేం రోగం లేదప్పా. మీరు తోలే తీరుకే రోగం."

"ఏమప్పా, కొన్నది మేము, మాకే చెప్తావా?" అన్నాడు బావ.

"చెప్పకుంటే ఎట్ల తెలుస్తాది ఈశ్వరప్పన్నా? ఒకసారి సెల్ఫ్ కొడితే బ్యాటరీలోంచి చానా పోతాది. పోయింది మళ్ళా నిండల్లంటే బండి పరిగెత్తల్ల. ఇంజను జోరుగా తిరిగితేనే డైనమో కరెంటు పోసేది. మీరేమో గుడి దాకా పోతారు, ఆపుతారు, మళ్ళా సెల్ఫ్ కొడతారు, పెండ్లి ఊరేగింపు మాదిరి ఇంటికొస్తారు. పొయ్యేదే గానీ వచ్చేది యాడుండాది?"

"అయితే ఏం చేయల్ల?"

"వారానికొకసారి ఊరి బయటికి తోలండి. నలభై మైళ్ళ స్పీడులో ఒక గంట. అదిగో, ఆ ఎర్ర దీపం చూడండి. మెల్లగా పోతే అది మినుకుమినుకుమంటాది. పూర్తిగా ఆరిపోయిందంటే బ్యాటరీ కడుపు నిండతాండాదని గుర్తు." మూత బిగిస్తూ మా ఆయన వైపు తిరిగాడు. "ఇంకొకటి చిన్నప్పా. దిగేటప్పుడు ఈ లైటు గుండీ లోపలికి నొక్కినావో లేదో చూసుకో. బయటికి లాగి మరిచిపోతే, చిన్న దీపాలే గానీ, తెల్లారేసరికి మొత్తం తాగేస్తాయి."

వాకిట్లో రాట్నం తిప్పుతూ నేనన్నీ విన్నాను. గంట దూరం అనగానే లెక్క కట్టాను. గంటా గంటన్నర పోతే మా కదిరి. మా అమ్మ హనుమంతమ్మ ఇంటి ముందు ఈ కారు ఆగుతుంది. ముందు సీట్లోంచి నేను దిగుతాను. మోటార్ సైకిలు ఉందని మిడిసిపడే మా పెద్దమ్మ కూతురు అరుగు మీద నిలబడి చూస్తుంది. అన్నీ క్షణంలో మనసులో కట్టేసుకున్నాను.

రామాంజినమ్మ పుట్టిల్లు అనంతపురం పాతూరు. అదీ గంట దూరమే.

ధర్మవరం నుంచి పోతే బత్తలపల్లి క్రాసు వస్తుంది. ఎడమకు తిరిగితే అనంతపురం, కుడికి తిరిగితే ముదిగుబ్బ మీదుగా కదిరి. ఆ ఆదివారం కారు ఎడమకు తిరిగింది. పై ఆదివారమూ ఎడమకే. బావకు అనంతపురంలో రెండు గుడ్డల షాపులవాళ్ళు తెలుసు, ఆ సాకు ఒకటి. ఐదు ఆదివారాలు బ్యాటరీ పేరు చెప్పుకుని రామాంజినమ్మ పుట్టింటికి పోయి వచ్చింది. వస్తూ వస్తూ వాళ్ళ నాయన ఇచ్చిన మురుకులు తెచ్చి నాకు పెట్టేది. తినేదాన్ని. తింటూ తిట్టుకునేదాన్ని.

"ఏమయ్యా, బ్యాటరీకి అనంతపురం రోడ్డయితేనే పడతాదా? కదిరి రోడ్డు పడదా?" అని మా ఆయన్ను అడిగాను ఒకరోజు.

ఆయన మగ్గంలోంచి తలెత్తకుండా నవ్వాడు. "బ్యాటరీకి రెండూ ఒకటేనే. మాయన్నకు కాదు."

"నువ్వు తోలేవాడివి కదా. ఒకసారి కుడికి తిప్పు."

"తేరు రానీ, అడుగుతా" అన్నాడు.

కదిరి నరసింహస్వామి తేరు. ఊరంతా వీధుల్లోనే ఉంటుంది ఆ రోజు. చుట్టాలందరూ వస్తారు. కారులో పోతే ఆ రోజే పోవాలి. అప్పటినుంచి నేను కండెలు చుడుతూ రోజులు లెక్కపెట్టుకున్నాను.

తేరు గురువారం. అంతకు ముందు ఆదివారం కూడా వాళ్ళు అనంతపురం పోయి వచ్చారు. మంగళవారం మధ్యాహ్నం అన్నాల దగ్గర మా ఆయన మాట కదిపాడు.

"అన్నా, గురువారం కదిరికి పోయొస్తామా బండిలో? తేరు కదా. బ్యాటరీకీ మంచిది."

బావ పెరుగన్నం కలుపుకుంటూ, "మొన్ననే కదప్పా పోయొచ్చింది! బ్యాటరీ నిండుగుండాది. పొద్దున ఒక్క నొక్కుకే లేచింది. పెట్రోలు ఊరికే వస్తాండాదా?" అన్నాడు. నా వైపు చూసి, "తేరుకు స్పెషలు బస్సులు యాడికి పోయినాయమ్మా? బస్సులో పోయి రండి" అని చేయి కడుక్కున్నాడు.

రామాంజినమ్మ ఏదో అనబోయింది. బావ లేచి వెళ్ళిపోయాడు. ఆమె నాకు ఇంకో గరిటె చారు పోసింది. ఆ చారు ఆకులోనే వదిలేశాను.

బ్యాటరీ నిండుగా ఉంది. అందుకే కదిరి లేదు. ఆ రెండు మాటలే సాయంత్రం దాకా నా తలలో తిరిగాయి. దిగిపోయిన బ్యాటరీ అయితే పుల్లన్న వస్తాడు, నీళ్ళు పోస్తాడు, దూరం తోలండి అంటాడు. బుధవారం పొద్దున అంటాడు. గురువారం తేరు. ఎవరికీ నష్టం లేదు. ఒక గంట తోస్తారు, అంతే కదా. నేనూ ఎన్నిసార్లు తోయలేదు!

దీపాలు పెట్టే వేళకు మా ఆయన మగ్గంలో ఉన్నాడు. వంటింట్లో రామాంజినమ్మ రాగిసంగటి కెలుకుతోంది. నేను కొట్టంలోకి పోయి కారు తలుపు తీశాను. లోపల ఎండకు కాగిన రెగ్జిన్ వాసన. మొదటిసారి ముందు సీట్లో కూర్చున్నాను. రెండు నిమిషాలు కూర్చున్నానేమో. కిటికీ మీద చెయ్యి ఆనించి కూడా చూశాను. తరువాత ఆ గుండీ బయటికి లాగాను. ముందు రెండు చిన్న దీపాలు వెలిగాయి. కారు మీద కప్పే పాత దుప్పటి కిందిదాకా సర్ది, కొట్టం తలుపులు వేసి వచ్చాను. సంగటి ముద్ద ఆ పూట బాగా తిన్నాను.

తెల్లవారుజామున ఎవరో తలుపు కొట్టారు. అనంతపురం నుంచి లారీలో వచ్చాడు, రామాంజినమ్మ పుట్టింటి పక్కింటాయన.

"అమ్మా, మీ నాయనకు గుండెలో నొప్పొచ్చినాది. పెద్దాసుపత్రిలో ఉండాడు. నా పాప యాడుండాది, నా పాపను పిల్చకరాండి అని నిన్నే అడగతాండాడు. బిరీన రావల్ల."

రామాంజినమ్మ ఏడుస్తూ వాకిట్లోకి వచ్చింది. బావ ధైర్యం చెప్పాడు. "ఏడ్వొద్దు. బండుండాది కదా, గంటలో ఆడుంటాం. చిన్నప్పా, తియ్యి."

ఆరు గంటల బస్సు ఇంకా బస్టాండులోనే ఉంటుంది, దానికి పోదామా అని ఆ వచ్చినాయన అడిగాడు. "కారు పెట్టుకుని బస్సెందుకప్పా?" అన్నాడు బావ.

మా ఆయన దుప్పటి లాగాడు. దీపాలు అప్పటికే ఆరిపోయి ఉన్నాయి. కూర్చుని సెల్ఫ్ నొక్కాడు. ఆ గొంతు సవరించే చప్పుడు కూడా లేదు. మళ్ళీ నొక్కాడు. నేను కొట్టం గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఆయన చెయ్యి ఆ గుండీ దగ్గరికి పోయింది. ఆగింది. మెల్లగా గుండీని లోపలికి నొక్కాడు. తల తిప్పి నా వైపు చూశాడు. నేను నేల చూశాను.

"ఏమైందిరా?" అన్నాడు బావ.

"లైటు మర్చిపోయినట్టుండాను అన్నా" అన్నాడు మా ఆయన.

వీధంతా లేచి వచ్చింది. పది మంది తోశారు. ఇదివరకు నాలుగు గజాలకే దగ్గి లేచే బండి, ఆ రోజు వీధి చివర దాకా తోసినా ఉలకలేదు. హ్యాండిల్ పెట్టి తిప్పారు. మా ఆయన అరిచేతులు బొబ్బలెక్కాయి. ఎవరో సైకిలు మీద పోయి పుల్లన్నను ఎక్కించుకొచ్చారు. ఆయన చూసి తల అడ్డంగా ఊపాడు.

"నిప్పురవ్వకు కూడా లేదప్పా ఇందులో. తోస్తే ఏం వస్తాది? నిన్నంతా కరెంటు లేక నా బంకులో కూడా ఛార్జయిన బ్యాటరీ ఒక్కటీ లేదు."

బావ మా ఆయన మీదికి తిరిగాడు. వీధి వీధంతా వింటుండగా తిట్టాడు. మగ్గం గుంటలో పడుండేవాడికి స్టీరింగు ఇస్తే ఇట్లే ఉంటుందన్నాడు. ముప్పై ఏళ్ళ మనిషి, తలొంచుకుని నిలబడ్డాడు. అప్పుడైనా నేను నోరు విప్పాల్సింది. విప్పలేదు. ఆ రోజు నేను కూడా తోశాను, అందరికంటే గట్టిగా, ఏడుస్తూ తోశాను. నేను రామాంజినమ్మ కోసం ఏడుస్తున్నానని అందరూ అనుకున్నారు.

ఆరు గంటల బస్సు ఎప్పుడో పోయింది. ఎనిమిదింటి బస్సులో పోయారు. ఆసుపత్రికి చేరేసరికి వాళ్ళ నాయన పోయి అరగంటయిందట.

రామాంజినమ్మ పదకొండో రోజు దాకా అనంతపురంలోనే ఉండి వచ్చింది. మనిషి సగమైంది. ఆ రోజు నేను రాట్నం దగ్గర ఉంటే వచ్చి పక్కన కూర్చుంది. పట్టుదారం లడి ఒకటి చేతిలోకి తీసుకుని చిక్కు తీయసాగింది. తెలిసిపోయిందనుకున్నాను. ఒక పక్క అదే మంచిదనిపించింది.

"నా పాపమే సుబ్బీ" అంది.

నేను రాట్నం ఆపాను.

"చిన్నప్పనేమీ అనొద్దని మీ బావకు చెప్పినా. మనిషన్నాక మర్చిపోడా? పుల్లన్న చిలక్కి చెప్పినట్టు చెప్పినాడు, మెల్లగా తోలితే బ్యాటరీ నిలవదని. విన్యానా? కొంగు బయటికేసుకుని ఊరేగినా. నా ఊరేగింపే మా నాయన మొగం నాకు కాకుండా చేసినాది."

"అక్కా, అట్లనద్దు" అన్నాను. గుండీ లాగింది నేనని మాత్రం చెప్పలేదు.

"నేనింక ఆ సీట్లో కూర్చోను. ఈ ఆదివారం నువ్వు పో కదిరికి. తేరు రోజే మిమ్మల్ని బండిలో పంపల్లని ఆ మంగళవారం రాత్రే మీ బావతో గొడవ పెట్టుకున్నా. సరే, పొద్దున్నే సుబ్బికి చెప్తాలే అన్నాడు." లడి నా ఒళ్ళో పెట్టింది. "ఒప్పుకున్నాడు సుబ్బీ. నీకు చెప్పేలోపలే..." అని కళ్ళొత్తుకుని లేచి వంటింట్లోకి పోయింది.

ఆ ఆదివారం నేను ముందు సీట్లో కూర్చున్నాను. మా ఆయన తోలాడు. రామాంజినమ్మే పెట్టె తీసి మామిడిపిందెల అంచు చీర నాకు కట్టించింది, అమ్మకానికి పెట్టిన చీర. బత్తలపల్లి క్రాసులో కారు కుడికి తిరిగింది. రోడ్డుకు అటూ ఇటూ ఎండిపోయిన వేరుశనగ చేలు, ఎర్రమన్ను. ముదిగుబ్బ దాటాక మా ఆయన జోరు పెంచాడు. ఎర్ర దీపం మినుకుమని ఆరిపోయింది. కదిరి దాకా అది మళ్ళీ వెలగలేదు. కదిరి దాకా ఆయన నాతో ఒక్క మాటా మాట్లాడలేదు.

మా వీధిలో కారు ఆగగానే నేను అనుకున్నవన్నీ జరిగాయి. అరుగుల మీదికి జనం వచ్చారు. మా పెద్దమ్మ కూతురు నిలబడి చూసింది. మా అమ్మ పరుగున వచ్చి తలుపు తీసి, "నా తల్లే, ఏం చీరే ఇది!" అని నా చెయ్యి పట్టుకుంది.

మా ఆయన దిగి బానెట్ ఎత్తాడు. జేబులోంచి చిన్న స్పానరు తీసి బ్యాటరీ వైరు విప్పి పక్కకు పెట్టాడు. స్పానరు మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

"అదేమప్పా, ఇప్పుడే కదా వచ్చినావు, అది విప్పుతాండావు?" అంది మా అమ్మ.

"బ్యాటరీ దిగిపోకుండా అత్తా" అన్నాడు ఆయన, నా వైపు చూడకుండా.

కారు ఇంకో మూడేళ్ళు మా ఇంట్లో ఉంది. ఎక్కడ ఆపినా, ఐదు నిమిషాలకైనా సరే, మా ఆయన ఆ వైరు విప్పేవాడు. ఇంట్లో ఉన్నప్పుడు స్పానరు మగ్గం గుంటలో తన కాళ్ళ దగ్గర పెట్టుకునేవాడు. కండెలు ఇవ్వడానికి వంగినప్పుడల్లా అది నాకు కనపడేది. ఆయన నన్నెప్పుడూ ఏమీ అడగలేదు.